దశాంశానికి చుక్కా, కామానా: షెల్ స్క్రిప్టులో లొకేల్ ఎంపిక

మధురవాడలోని మా ఆఫీసులో ఒక రొయ్యల ఎగుమతిదారు లెక్కలు చూస్తుంటాం. శీతల గిడ్డంగి ముందున్న కాటా మీద లారీ తూగగానే దాని బరువు టన్నుల్లో ఒక ఫైలులోకి చేరుతుంది. రోజు ముగిశాక ఒక బాష్ స్క్రిప్టు (లినక్స్ కమాండులను వరుసగా నడిపే ఫైలు) ఆ బరువులను రెండు దశాంశ స్థానాలకు సరిచేసి, మొత్తం కట్టి, విదేశీ కొనుగోలుదారుకు పంపుతుంది. ఒక రోజు నాలుగు లారీలు వచ్చాయి: 3.85, 4.20, 2.95, 5.70. మొత్తం 16.70 టన్నులు రావాలి. వెళ్లిన ఫైలులో 14 అని ఉంది.

కాటా బాగానే ఉంది, చీటీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే స్క్రిప్టును నా టెర్మినల్‌లో నడిపితే 16.70 అనే చెప్పింది. తేడా ఎక్కడుందో తెలియడానికి ఒక పూట పట్టింది. ఆ రోజు స్క్రిప్టును చేత్తో నడిపిన వ్యక్తి కొనుగోలుదారు తరఫున జర్మనీ నుంచి లాగిన్ అయిన ఇంజనీరు. ఆయన కంప్యూటర్‌లో అంకెల పద్ధతి జర్మన్. అక్కడ దశాంశానికి కామా, వేలను విడదీయడానికి చుక్క. దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఆయన మా సర్వర్‌లోకి వచ్చినప్పుడు ఆ పద్ధతి కూడా ఆయన వెంటే వచ్చింది. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల్లో ఈ పద్ధతులను చెప్పే లాంగ్ అనే వేరియబుల్‌నూ, ఎల్‌సీ_తో మొదలయ్యే వేరియబుల్స్‌నూ అవతలి యంత్రానికి పంపేలా క్లయింటు, వాటిని స్వీకరించేలా సర్వరు ముందే అమర్చి ఉంటాయి. జర్మన్ లొకేల్, అంటే భాష, అంకెలు, అక్షరాల పద్ధతుల జర్మన్ అమరిక, మా సర్వర్‌లో ఉంది కాబట్టి అది వెంటనే అమల్లోకి వచ్చింది.

అప్పుడు బాష్‌లో సంఖ్యలను కోరిన రూపంలో రాసే ప్రింట్‌ఎఫ్‌కు 3.85 అని ఇస్తే, 3 వరకు చదివి చుక్క దగ్గర ఆగిపోయింది. చుక్క దానికి అప్పుడు దశాంశ గుర్తు కాదు. చెల్లని సంఖ్య అని ఫిర్యాదు చేసి, చదివినంతవరకు తీసుకుని 3,00 అని రాసింది. ఆ ఫిర్యాదు వెళ్లే దారిని స్క్రిప్టు రాసేటప్పుడే మేం మూసేశాం. తర్వాతి మెట్టులో మొత్తం కట్టే ఆక్ కమాండు 3,00 నుంచి 3ను మాత్రమే తీసుకుంది. మూడు, నాలుగు, రెండు, ఐదు కలిపి 14. ఏ కమాండూ మధ్యలో ఆగలేదు, ఫైలు ఠంచనుగా వెళ్లింది. ఆగి ఉంటే ఆ రాత్రే దొరికేది.

అప్పటినుంచి స్క్రిప్టులో అంకెల పద్ధతిని ఎలా కట్టడి చేయాలన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. దారులు చాలానే ఉన్నాయి, అన్నీ ఒకేలా పనికిరావు. తెలుగు పాఠంతో పనిచేసేవారికి ఈ ఎంపిక ఇంకాస్త భిన్నంగా ఉంటుంది. కమాండుల పేర్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిషు అక్షరాలే వాడాలి, ఎల్‌సీ_ వేరియబుల్స్, లాంగ్ పూర్తిగా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఎవరి మాట చెల్లుతుంది

అంకెల పద్ధతిని నిర్ణయించే వేరియబుల్స్ మూడు. ఎల్‌సీ_ఆల్‌కు విలువ ఉంటే దానిదే తుది మాట. అది ఖాళీగా ఉంటే ఎల్‌సీ_న్యూమరిక్ చూస్తారు. అదీ లేకపోతే లాంగ్. ఈ వరుస గుర్తులేక పడే పొరపాటు చాలా సాధారణం: స్క్రిప్టు పైన ఎల్‌సీ_న్యూమరిక్‌ను సీ (ఏ దేశానికీ చెందని, దశాంశానికి చుక్క వాడే మూల లొకేల్) అని పెట్టి ధీమాగా ఉంటారు. ఎల్‌సీ_ఆల్ బయటినుంచి వచ్చి ఉంటే ఆ పంక్తికి విలువే లేదు.

ఇంకొకటి, తెర మీద భాష చూసి అంకెల పద్ధతిని ఊహించకూడదు. ఉబుంటు డెస్క్‌టాప్‌లో భాష వేరు, ప్రాంతీయ రూపాలు వేరు. సందేశాలన్నీ ఇంగ్లిషులో కనిపిస్తున్నా ఎల్‌సీ_న్యూమరిక్ మాత్రం జర్మన్‌లోనో ఫ్రెంచ్‌లోనో ఉండవచ్చు. మా ఇంజనీరు విషయంలో జరిగింది అదే. లొకేల్ అనే కమాండుకు డెసిమల్_పాయింట్ అని జోడించి నడిపితే ప్రస్తుతం ఏ గుర్తు అమల్లో ఉందో ఒక్క అక్షరంలో చెబుతుంది. అనుమానం వచ్చినప్పుడు ముందుగా చేయాల్సింది అదే.

చుక్క సరైనదా, కామా సరైనదా అన్న వాదనకు ఇక్కడ చోటు లేదు. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2003లో చేసిన తీర్మానం దశాంశ గుర్తుగా రెండింటినీ అంగీకరించింది. జర్మన్ ఇంజనీరు తప్పేమీ చేయలేదు. తప్పు మా స్క్రిప్టుది.

మన లొకేల్‌లోనూ ఉన్న గొయ్యి

విశాఖలో కూర్చుని ఇది మనకు సంబంధం లేని గొడవ అనుకోవడం తేలిక. భారతీయ ఇంగ్లిషు లొకేల్‌లోనూ తెలుగు లొకేల్‌లోనూ దశాంశానికి చుక్కే ఉంటుంది. అయితే వేల గుర్తు కామా, మొదట మూడు అంకెలు, ఆపై రెండేసి అంకెలు, అంటే మన లక్షలు, కోట్ల లెక్క. ఈ కామాయే ఒక చోట కాటేస్తుంది.

కామాలతో విడదీసిన ఫైలులో మొదటి గడి లారీ వరుస సంఖ్య, రెండో గడి కిలోల్లో బరువు అనుకోండి. ఒక వరుస 12,385. ఇంకో వరుస 9,4200. వరుసలను పేర్చే సార్ట్‌కు కామా విభజన గుర్తు అని చెప్పి, మొదటి గడి నుంచి సంఖ్యల ప్రకారం పేర్చమని -కె1ఎన్ అని ఇస్తాం. అలా ఇస్తే మొదటి గడి నుంచి వరుస చివరిదాకా మొత్తం కీగా, అంటే పేర్చడానికి చూసే విలువగా, లెక్కకు వస్తుంది. భారతీయ లొకేల్‌లో కామా వేల గుర్తు కనుక సార్ట్ దాన్ని దాటేసి 12385, 94200 అని చదువుతుంది. తొమ్మిదో లారీ పన్నెండో లారీ వెనక్కి వెళ్తుంది. సీ లొకేల్‌లో ఈ గొడవ రాదు, ఎందుకంటే అక్కడ వేల గుర్తే లేదు. సరైన పరిష్కారం -కె1,1ఎన్ అని గడి ఎక్కడ ముగుస్తుందో కూడా చెప్పడం. సార్ట్‌కు --డీబగ్ ఇస్తే ఏ భాగాన్ని కీగా చదివిందో కింద గీత గీసి చూపిస్తుంది.

జర్మన్ లొకేల్‌లో సార్ట్ మరో అడుగు ముందుకు వెళ్తుంది. అక్కడ చుక్క వేల గుర్తు కాబట్టి -ఎన్‌తో 1.5 అన్నది 15 అవుతుంది. దశాంశాలను మిగతా కమాండులు కత్తిరించి చదివితే ఇది పెంచి చదువుతుంది.

ఏ పనిముట్టు ఎవరి మాట వింటుంది

ఒకే స్క్రిప్టులోని కమాండులు ఒకే పద్ధతి పాటించవు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

బాష్‌లో అంతర్గతంగా ఉన్న ప్రింట్‌ఎఫ్ చదివేటప్పుడూ రాసేటప్పుడూ లొకేల్‌నే పాటిస్తుంది. డిస్కు మీద విడిగా ఉండే గ్నూ కోర్‌యుటిల్స్ (లినక్స్ మూల కమాండుల కట్ట) ప్రింట్‌ఎఫ్ మాత్రం చుక్కతో ఇచ్చిన సంఖ్యను ఏ లొకేల్‌లోనైనా అంగీకరించి, లొకేల్ గుర్తుతో రాస్తుంది. జర్మన్ లొకేల్‌లో 3.14 ఇస్తే మొదటిది ఫిర్యాదు చేసి భిన్న భాగాన్ని పారేస్తుంది, రెండోది 3,14 అని చక్కగా రాస్తుంది. పేరు ఒకటే, యంత్రం ఒకటే, నడవడిక రెండు రకాలు. షెల్‌లో ఊరికే ప్రింట్‌ఎఫ్ అంటే మొదటిదే నడుస్తుంది. రెండోది కావాలంటే ముందు ఎన్వ్ అని పెట్టాలి.

లెక్కలు చేసే బీసీ కమాండుకు లొకేల్‌తో పనిలేదు, ఎప్పుడూ చుక్కే. దాని ఫలితాన్ని నేరుగా బాష్ ప్రింట్‌ఎఫ్‌కు ఇవ్వడం చాలామందికి అలవాటు, జర్మన్ లొకేల్‌లో ముందుగా విరిగేది ఆ జంటే. బీసీతో ఇంకో చిన్న ఇబ్బంది, అర అనే విలువను సున్నా లేకుండా .5 అని రాస్తుంది. ప్రోగ్రాముల మధ్య సమాచారం పంపే జేసన్ రూపం నియమాల ప్రకారం చుక్కకు ముందు అంకె తప్పనిసరి కనుక ఆ ఫలితాన్ని అలాగే జేసన్ ఫైలులో పెట్టకూడదు.

ఆక్ కథ కాస్త పెద్దది. ప్రోగ్రాము లోపల రాసిన సంఖ్యలకు ఎప్పుడూ చుక్కే ఉండాలని, బయటి సమాచారాన్ని చదవడానికి, ఫలితం రాయడానికి మాత్రం లొకేల్ గుర్తు వాడాలని యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పాసిక్స్ చెబుతుంది. గ్నూ ఆక్ ఒకప్పుడు దాన్ని అక్షరాలా పాటించింది. ఇంగ్లిషేతర దేశాల వాడుకరులు తమ ఫైళ్లలో చుక్కలే ఉన్నాయని మొరపెట్టుకోవడంతో మళ్లీ చుక్కకే వచ్చింది. లొకేల్ గుర్తు కావాలంటే -ఎన్ అనే పెద్ద అక్షరపు ఐచ్ఛికం ఇవ్వాలి. పాసిక్స్ పద్ధతిలో నడిపినా లొకేల్ గుర్తే వస్తుంది. ప్రతి లినక్స్‌లోనూ ఆక్ అంటే గ్నూ ఆక్ అని అనుకోకూడదు. డెబియన్ కుటుంబంలో చాలాచోట్ల మాక్ (mawk) అనే మరో రకం ఆక్ ఉంటుంది. మీ దగ్గర ఏది ఉందో చూసుకున్నాకే దాని మీద భరోసా పెట్టుకోండి.

సీక్ కమాండు 0.5 నుంచి 0.5 చొప్పున 2 వరకు లెక్కపెట్టమంటే జర్మన్ లొకేల్‌లో 0,5 అని మొదలుపెడుతుంది. బాష్‌లోని టైమ్ చూపే సెకన్లలోనూ కామా వస్తుంది. 2019లో వచ్చిన బాష్ 5.0తో చేరిన ప్రస్తుత సమయాన్ని మైక్రోసెకన్ల దాకా చెప్పే ఈపాక్‌రియల్‌టైమ్ అనే వేరియబుల్ కూడా లొకేల్ గుర్తునే వాడుతుంది. ఆ చుక్క దగ్గర విరిచి మైక్రోసెకన్లు తీసే స్క్రిప్టులు అక్కడ చతికిలబడతాయి. పైథాన్‌లో ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) మార్చడం, జేసన్ చదివే జేక్యూ ఈ గొడవకు దూరంగా ఉంటాయి.

ఇప్పుడు ఎంపిక

మొదటి దారి స్క్రిప్టు తలలోనే ఎల్‌సీ_ఆల్=సీ అని ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) చేయడం, అంటే స్క్రిప్టు నడిపే కమాండులన్నిటికీ ఆ విలువ అందేలా పెట్టడం. ఎక్కడ అడిగినా ముందుగా వచ్చే సలహా ఇదే. అంకెల వరకు దీనికి తిరుగులేదు, సార్ట్ కూడా వేగంగా నడుస్తుంది. ఇంగ్లిషు అక్షరాలు తప్ప మరేమీ లేని లాగ్ ఫైళ్లకు ఇదే చాలు. తెలుగు ఉన్న చోట మాత్రం నేను వద్దంటాను. సీ లొకేల్‌కు యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తెలియదు, ప్రతి బైటునూ ఒక అక్షరంగా లెక్కిస్తుంది. విశాఖ అన్న మాట మన కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో గుడి, దీర్ఘం విడిగా కలిసి ఐదు సంకేతాలు. బాష్‌లో దాని పొడవు అడిగితే యూటీఎఫ్-8 లొకేల్‌లో 5 అంటుంది, సీ లొకేల్‌లో 15 అంటుంది. మొదటి నాలుగు అక్షరాలు కత్తిరించమంటే రెండో సంకేతం నడుమ తెగి, తెర మీద చెత్త గుర్తు మిగులుతుంది. మా ఫైళ్లలో పడవల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులోనే ఉన్నాయి. అంకెలను కాపాడుకోవడానికి పేర్లను పాడుచేసుకోలేం.

రెండో దారి సీ.యూటీఎఫ్-8. దశాంశానికి చుక్క, వేల గుర్తు లేదు, తెలుగు అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. డెబియన్ కుటుంబంలో ఎప్పటినుంచో ఉంది; గ్నూ సీ లైబ్రరీ మూలంలోకి 2022లో విడుదలైన 2.35తో చేరింది. అంతకంటే పాత లైబ్రరీ ఉన్న సర్వర్లలో ఇది ఉందో లేదో లొకేల్ -ఎ తో చూసుకోవాలి. దీని లోటు వరుసక్రమం. పేర్లను యూనికోడ్ సంఖ్యల ప్రకారమే పేరుస్తుంది కనుక ళ అక్షరం వ కంటే ముందు వస్తుంది. మన వర్ణమాలలో ళ హ తర్వాతిది. పేర్ల జాబితాను జనానికి చూపించే పని లేకపోతే ఇది లోటే కాదు. సందేశాలు మాత్రం ఇంగ్లిషులోకి మారిపోతాయి.

మూడో దారి నేను మా స్క్రిప్టుకు ఎంచుకున్నది. ఎల్‌సీ_ఆల్‌లో విలువ ఉంటే దాన్ని ముందు లాంగ్‌కు అప్పగించి, ఎల్‌సీ_ఆల్‌ను అన్‌సెట్ చేసి, ఎల్‌సీ_న్యూమరిక్‌ను సీ అని ఎగుమతి చేయడం. మూడు పంక్తుల పని. అంకెలు ఒక్కటే కట్టడిలోకి వస్తాయి. అక్షరాలు, వరుసక్రమం, సందేశాలు నడిపే మనిషి ఇష్టానికే ఉంటాయి. జర్మనీ ఇంజనీరుకు ఆయన ఎంచుకున్న భాషలో దోష సందేశాలు వస్తాయి, నాకు నేను ఎంచుకున్న భాషలో వస్తాయి, లెక్క మాత్రం ఇద్దరికీ ఒకటే. ఎక్కువమంది, ఎక్కువ చోట్ల నుంచి నడిపే స్క్రిప్టుకు నా మొదటి ఎంపిక ఇదే. ఒక్కరే, ఒకే సర్వర్‌లో, చెప్పిన వేళకు తానే నడిపించే క్రాన్ ద్వారా మాత్రమే నడిపేదానికి సీ.యూటీఎఫ్-8 ఒక్క పంక్తితో సరిపోతుంది.

నాలుగోది కమాండుకు ముందే విలువ పెట్టడం. రాసి ఉన్న పెద్ద స్క్రిప్టులో ఒక్క చోట మరమ్మతు చేయాలంటే ఇది బాగానే ఉంటుంది, కానీ ఒక కమాండు ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైపులో జారిపోతుంది. ఎల్‌సీ_ఆల్=సీ అని రాసి, సీక్ నుంచి సార్ట్‌కు పైపు వేస్తే ఆ విలువ సీక్‌కు మాత్రమే వర్తిస్తుంది. సార్ట్ పాత లొకేల్‌లోనే ఉంటుంది. ఇరవై పంక్తుల స్క్రిప్టులో ఐదు చోట్ల ఇలా రాయాల్సి వస్తోందంటే తలలో ఒకసారి రాయడం మేలు.

కామాలను చుక్కలుగా మార్చే సెడ్ పంక్తిని నేను దారిగా లెక్కించను. 1,250 అన్న మన పద్ధతి సంఖ్య దాని గుండా వెళ్తే 1.250 అవుతుంది, పన్నెండు వందల యాభై కిలోలు ఒకటింపావుకు దిగిపోతాయి. ఒక మనిషి టైపు చేసిన విలువను అంగీకరించక తప్పనిచోట ఆ మనిషిని మళ్లీ అడగడమే క్షేమం.

దశాంశాలే లేకుండా చేసే దారి ఒకటి మిగిలింది, డబ్బు లెక్కలకు నాకు బాగా నచ్చినది. రూపాయలను పైసల్లో, టన్నులను కిలోల్లో ఉంచితే బాష్ పూర్ణాంకాలతోనే అంతా కూడుతుంది. 64 బిట్ల సంఖ్యలు కనుక వ్యాపార లెక్కలకు స్థలం చాలదన్న బెంగ లేదు. లొకేల్ మాటే రాదు, తేలే సంఖ్యల్లోని చిల్లర దోషాలూ రావు. కానీ 0.10లో చుక్క తీసేస్తే 010 మిగులుతుంది, సున్నాతో మొదలైనదాన్ని బాష్ ఎనిమిది ఆధారంగా చదివి 8 అంటుంది. 0.08 అయితే 008 అవుతుంది, 8 ఆ పద్ధతిలో అంకే కాదు కనుక దోషం చూపి ఆగుతుంది. ముందు 10# అని పెడితే రెండూ సరిపోతాయి. తిరిగి చుక్క పెట్టేటప్పుడు రుణ సంఖ్యలను చూసుకోవాలి: -50 పైసలను 100తో భాగిస్తే 0 వస్తుంది, గుర్తు మాయమవుతుంది.

మనిషికి చూపించేటప్పుడు

లోపల ఎంత కట్టడి ఉన్నా చదివే మనిషికి తన పద్ధతిలో చూపించాలి. 12345678.50 అని రాసి ఇస్తే ఏ ఎగుమతిదారూ ఒక్క చూపులో చదవలేడు. చివరి పంక్తిలో మాత్రం ఎల్‌సీ_న్యూమరిక్‌ను భారతీయ ఇంగ్లిషు లొకేల్‌గా, అంటే ఈఎన్_ఐఎన్‌గా పెట్టి, ప్రింట్‌ఎఫ్ రూపంలో శాతం గుర్తు వెంటనే ఒంటి కొటేషన్ గుర్తు చేరిస్తే 1,23,45,678.50 అని వస్తుంది. అమెరికా లొకేల్‌లో అదే 12,345,678.50 అవుతుంది. సీ లొకేల్‌లో కొటేషన్ గుర్తు ఉన్నా కామాలు రావు. జర్మన్ కొనుగోలుదారు కోసమైతే ఎన్వ్‌తో విడి ప్రింట్‌ఎఫ్‌ను పిలవండి, చుక్కతో ఉన్న మన విలువను అది తప్పు పట్టదు. ఇలా అలంకరించిన సంఖ్యను మళ్లీ లెక్కలోకి మాత్రం తేవద్దు. బాష్ ప్రింట్‌ఎఫ్‌కు 1,23,456 ఇస్తే భారతీయ లొకేల్‌లోనూ ఒకటి దగ్గరే ఆగిపోతుంది.

పరీక్షించేవారికి ఒక హెచ్చరిక. జర్మన్ లొకేల్ స్థాపించని యంత్రంలో ఆ పేరు పెట్టి నడిపితే బాష్ ఒక హెచ్చరిక రాస్తుంది, చాలా కమాండులు మౌనంగా సీ లొకేల్‌లోనే ఉండిపోతాయి. అన్నీ సరిగ్గా వచ్చాయని మురిసిపోతాం, నిజానికి ఏదీ పరీక్షకు రాలేదు. ముందు లొకేల్ -ఎ జాబితాలో ఆ పేరు ఉందో చూసి, లేకపోతే చేర్చుకోవాలి. డెబియన్‌లో ఈటీసీ కింద ఉన్న లొకేల్ జెన్ ఫైలులో దాని పేరు ముందున్న # గుర్తును తీసేసి, లొకేల్-జెన్ నడిపితే సరి.

మేం ప్రింట్‌ఎఫ్ ఫిర్యాదులకు మూసిన దారిని తెరిచాం. అది విఫలమైతే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. ఫైలు పంపే ముందు అదే బరువుల మీద జర్మన్ లొకేల్‌లో ఒకసారి, తెలుగు లొకేల్‌లో ఒకసారి స్క్రిప్టును నడిపి, రెండు ఫలితాలనూ డిఫ్‌తో పోలుస్తాం. ఒక్క బైటు తేడా ఉన్నా ఫైలు వెళ్లదు, రాత్రి డ్యూటీలో ఉన్నవారి ఫోను మోగుతుంది.